హోరేస్ పిప్కిన్ నడక

పోయిన వారం థెల్మా గ్రీర్‌ని ఎక్కడ వదిలేశామో మీరు మరిచిపోయి ఉండరు. హాలీవుడ్‌లో, పెట్రీ కార్టూన్ స్టూడియోలోని చిన్న ప్రొజెక్టర్ గదిలో చేతులు కట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి నిలబడి ఉంది. ఎదురుగా సైన్యం తరఫున వచ్చిన కెప్టెన్ లాథ్రాప్ కూర్చుని ఉన్నాడు. తెర మీద ఆమె గీసిన సిపాయి బొమ్మ అటూ ఇటూ నడిచి, అప్పుడే రీలు అయిపోయింది. ఈ నడక మార్చాలి అన్నాడు కెప్టెన్. మార్చను అంది థెల్మా. ఈవిడ మొండితనం తెలియనివాడు ఆ స్టూడియో మొత్తం మీద ఆయనొక్కడే కాబట్టి, తను సరిగా వినలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాడు. ఆమె కూడా మళ్ళీ చెప్పింది.

ఆ నడక ఎవరిదో మనకి తెలుసు, కెప్టెన్‌కి తెలియదు. అది ఓరిన్ గ్రీర్‌ది. ఓరిన్ ఆ స్టూడియోలోనే బొమ్మలు గీసేవాడు, థెల్మా మొగుడు. నిరుడు ట్యునీషియా ఎడారిలో యుద్ధం జరిగినప్పుడు అతని జాడ తెలియలేదని టెలిగ్రాం వచ్చింది. ఆ తర్వాత ఒక్క కబురు లేదు. జాడ తెలియకపోవడం అంటే పోవడం కాదు అని థెల్మా ఆ రోజే తేల్చుకుంది. వంటింట్లో అతని కాఫీ కప్పు ఇప్పటికీ కొక్కేనికే వేలాడుతోంది. మగవాళ్ళు యుద్ధానికి పోయి బల్లలు ఖాళీ అవుతుంటే, అంతవరకు రంగుల గదిలో ఇతరుల గీతల మీద సిరా దిద్దుతున్న థెల్మా ఎవరినీ అడక్కుండా వచ్చి ఓరిన్ బల్ల దగ్గర కూర్చుంది. లేవమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇక ఈ వారం సంగతి.

కెప్టెన్ లాథ్రాప్ తెలివితక్కువవాడేమీ కాదు. యుద్ధానికి ముందు ఒహాయోలో బూట్ల ఫ్యాక్టరీ నడిపించినవాడు. మనిషి కాళ్ళ గురించి ఆయనకి తెలిసినంత చాలామంది డాక్టర్లకి తెలియదు. సిపాయిలు పాదాలను ఎలా కాపాడుకోవాలో నేర్పే కార్టూన్ కావాలని సైన్యం అడిగినప్పుడు ఆయన్ని పంపింది అందుకే. కథ ఆయనకి నచ్చింది. బిబ్స్ అనే సిపాయి తడి మేజోళ్ళు మార్చడు, బూట్లు విప్పడు, పాదాలకి పొక్కులు లేస్తాయి. ఆ పొక్కులు బుడగల్లా ఉబ్బి అతన్ని తిడతాయి. చివరికి పాదాలు రెండూ విసిగిపోయి, ఉద్యోగానికి రాజీనామా చేసి, బుద్ధిగా మేజోళ్ళు మార్చుకుని, తడివి పొట్ట మీద పెట్టుకుని ఆరబెట్టుకునే ఇంకో సిపాయిని వెతుక్కుంటూ నడిచి వెళ్ళిపోతాయి. బిబ్స్ చీలమండల మీద కూర్చుని లబోదిబోమంటాడు. ఇదంతా ఆయన నవ్వుతూనే ఒప్పుకున్నాడు.

ఆయన పేచీ అల్లా మొదటి నిమిషంతోనే. పొక్కులు రాకముందే ఆ సిపాయి అలా కుంటుకుంటూ నడిస్తే, పొక్కులు వచ్చాక తేడా ఎలా తెలుస్తుంది అని ఆయన వాదన. మొదట నిటారుగా, కవాతు పుస్తకంలో చెప్పినట్టు నడవాలి. అప్పుడు కదా తర్వాతి అవస్థ కనపడేది. ఈ మాటలో న్యాయం లేకపోలేదు. థెల్మాకీ ఆ సంగతి తెలుసు, అందుకే ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

"అతను కుంటడం లేదు, కెప్టెన్," అంది. "ఎడమ పాదం కొంచెం బయటికి పెడతాడు. నాలుగడుగులకోసారి ఏదో గుర్తొచ్చినట్టు చిన్నగా ఎగురుతాడు. అంతే."

"సైన్యంలో ఎవరూ ఎగరరు, మిసెస్ గ్రీర్."

"సైన్యంలోకి వచ్చినవాళ్ళందరూ ఇంటి నుంచి వాళ్ళ నడక వెంట తెచ్చుకున్నవాళ్ళే. పుస్తకంలో నడకతో పుట్టినవాడెవడూ లేడు. పుస్తకంలా నడిచేవాణ్ణి చూపిస్తే, వాడి కాళ్ళు ఏమైపోతే నాకేం అనుకుంటాడు చూసేవాడు."

స్టూడియో యజమాని గస్ పెట్రీ మూలన కూర్చుని వెలిగించని చుట్టని నములుతున్నాడు. లావుపాటి మనిషి, అరవైకి దగ్గరపడ్డవాడు. అరవడంలో ఘనాపాటి. ఈ బొమ్మని మొదటిసారి పెన్సిల్ గీతల్లో ఆడించి చూసినప్పుడు మాత్రం ఆయన అరవలేదు. ఓరిన్‌ని పంతొమ్మిదేళ్ళప్పుడు ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే. తెర మీద ఆ ఎడమ పాదం బయటికి పడగానే చుట్ట నోట్లోంచి తీసి, పని కానివ్వమని మాత్రం అన్నాడు.

ఆ బొమ్మకి ఓరిన్ పెట్టిన పేరు బిబ్స్ కాదు, హోరేస్ పిప్కిన్. సైన్యంలోకి పోయే ముందు వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పాన్‌కేకులు మాడిపోతున్నా పట్టించుకోకుండా, పొట్లం కాయితం సంచీ మీద ఆ సిపాయిని గీసి ఆ పేరు పెట్టాడు. ప్రపంచంలోని పొరపాట్లన్నీ వీడొక్కడే చేస్తాడు, మిగతావాళ్ళు బతికిపోతారు అన్నాడు. తీరా సినిమా మొదలుపెట్టాక తేలిందేమిటంటే, వాషింగ్టన్‌లో నిజంగానే పిప్కిన్ అనే కల్నల్ ఒకాయన ఉన్నాడు, పైగా కోపిష్టి. దాంతో ఒక్క రోజులో హోరేస్ పిప్కిన్ కాస్తా బిబ్స్ అయిపోయాడు. పాత పేరున్న కాగితాలన్నీ కెప్టెన్ దగ్గరుండి చించేయించాడు. పేరు పోయినప్పుడు థెల్మా పోట్లాడలేదు. నడక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి మాటా వినదలచుకోలేదు.

"ఒక్క విషయం చెప్పండి," అన్నాడు కెప్టెన్, గొంతు తగ్గించి. "నడకలో అంత ఏముంది?"

గస్ అప్పుడు లేచాడు. అటక కింద బీరువా తెరిచి, క్లిప్పు పెట్టిన కాగితాల కట్ట ఒకటి తీసి కెప్టెన్ చేతిలో పెట్టాడు. బొటనవేలితో జారవిడవమని సైగ చేశాడు.

ఇక్కడ ఈ బొమ్మలవాళ్ళ దురలవాటు ఒకటి చెప్పుకోవాలి. వీళ్ళు నడకల దొంగలు. స్టూడియోలో కొత్తగా అడుగుపెట్టిన ఎవరి నడకైనా వారం తిరక్కుండా ఎవరో ఒకరి కాగితాల మీదికి ఎక్కుతుంది. పాలవాడిది, పోస్టుమ్యానుది, పన్నుల ఆఫీసు నుంచి వచ్చినవాడిది, ఒక్కటీ వదలరు. మొహం గీయకూడదు, బట్టలు గీయకూడదు, వట్టి కర్రల్లాంటి కాళ్ళూ చేతులతో ఎవరిదో పోల్చుకునేలా గీయాలి, అదీ పందెం. ఎవరి నడక దొంగిలించబడలేదో వాళ్ళింకా ఆ ఇంటివాళ్ళు కాలేదన్నమాట. థెల్మా రంగుల గదిలో చేరిన మొదటి వారంలోనే ఓరిన్ ఆమె నడక గీసి కాఫీ కెటిల్ పక్కన అంటించాడు. వాళ్ళ ప్రేమకథ మొదలైంది అక్కడే.

కెప్టెన్ కాగితాలు జారవిడిచాడు. మొహం లేని కర్రమనిషి ఒకడు ముందు మడమ మోపి, నేల నిజంగా ఉందో లేదో చూసుకుని, తర్వాత మునివేళ్ళు ఆనిస్తూ, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు. ప్రతి మలుపులోనూ మెడ ముందు తిరుగుతోంది, మనిషి తర్వాత. కెప్టెన్ మళ్ళీ ఒకసారి జారవిడిచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను ఇలా నడుస్తానా?"

"మీరు మెట్లెక్కుతుంటేనే అమ్మాయిలు పెన్సిళ్ళు దాచేసుకుంటారు, కెప్టెన్," అన్నాడు గస్. "మొహం ఎక్కడుంది చూడండి అందులో. లేదు కదా. మీరని మీకెవరు చెప్పారు?"

కెప్టెన్ ఆ కట్టని తిరిగి ఇవ్వలేదు, నెమ్మదిగా తన సంచీలో పెట్టేసుకున్నాడు. ఒహాయోలో ఉన్న భార్యకి పంపాలనుకున్నాడని తర్వాతెప్పుడో తెలిసింది. కానీ ఓటమి ఒప్పుకునే రకం కాదు. పందెం కట్టాడు. లోయలో ఉన్న సైనిక ఆసుపత్రికి ఈ మధ్యాహ్నమే రీలు తీసుకెళదాం, అక్కడి జబ్బుమనుషులకి చూపిద్దాం. పొక్కులు రాకముందు, వట్టి నడకకే వాళ్ళు నవ్వితే నడక ఉంచుతాను. నవ్వకపోతే కవాతు నడక గీయాలి, మారుమాట్లాడకూడదు.

"ఏ వార్డు?" అని అడిగింది థెల్మా.

కెప్టెన్ ఒక్క క్షణం తటపటాయించి చెప్పాడు. ఇటలీ కొండల్లో మంచుకి, బురదకి పాదాలు పాడైనవాళ్ళ వార్డు. కొందరికి వేళ్ళు తీసేశారు. కొందరికి అంతకన్నా ఎక్కువే తీసేశారు.

గస్ మొహం పాలిపోయింది. కాళ్ళు రాజీనామా చేసి వెళ్ళిపోయే కథని కాళ్ళు పోయినవాళ్ళకి చూపించడమేమిటి, తన్నులు తినడానికా అన్నాడు. నిజానికి అలా అనలేదు, అంతకన్నా మోటుగా అన్నాడు. తన్నడానికి వాళ్ళకి కాళ్ళుండాలిగా అని నోటిదాకా వచ్చి, సిగ్గుపడి ఊరుకుంది థెల్మా. కానీ వెనక్కి తగ్గలేదు. ఈ సినిమా ఎవరి కోసమో వాళ్ళే చూసి చెప్పాలి అంది. ఆమెకి భయం లేదని కాదు. ఓరిన్ నడక చూసి మనుషులు నవ్వకపోవడమనేది ఆమె ఎప్పుడూ చూడలేదు, ఇవాళ మాత్రం ఎందుకు నవ్వరు అనే ధైర్యం ఆ భయం కన్నా పెద్దది.

గస్ ప్లిమత్ కారు టైర్లు అప్పటికే అరిగి నున్నగా ఉన్నాయి. రబ్బరు దొరకని రోజులు. కొండ దిగేటప్పుడు ఆయన దేవుణ్ణి, సర్కారునీ మార్చి మార్చి తలుచుకున్నాడు. వెనక సీట్లో కెప్టెన్, థెల్మా ఇద్దరి మధ్యా రీలు డబ్బా. నారింజ తోటల్లో పూత వాసన కారులోకి కొట్టుకొస్తోంది. థెల్మా కిటికీలోంచి దారిన పోయేవాళ్ళ నడకలు చూస్తూ కూర్చుంది, అలవాటు కొద్దీ.

ఆసుపత్రి భోజనాల గదిలో కిటికీలకి నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. చక్రాల కుర్చీల్లో, చంకకర్రలతో, ఇద్దరు ముగ్గురు మంచాలతో సహా వచ్చారు. సినిమా అంటే ఏ అందగత్తె సినిమానో అనుకున్నట్టున్నారు, సైన్యం పాఠాల సినిమా అని తెలియగానే మూలుగులు మొదలయ్యాయి. పాదాల గురించి అని తెలిసేసరికి గదంతా చల్లబడిపోయింది. వెనక వరసలోంచి ఒకడు, ఆలస్యంగా వచ్చావ్ కెప్టెన్, పోయిన నవంబరులో రావలసింది అన్నాడు. కొంతమంది నవ్వారు. అది మంచి నవ్వు కాదు.

థెల్మా ప్రొజెక్టర్ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. దీపాలు ఆరాయి.

దారి, వాన, దూరంగా కొండ. తెర ఎడమ వైపు నుంచి బిబ్స్ వచ్చాడు. ఎడమ పాదం బయటికి, చీపురుతో పక్కకి నెట్టినట్టు. ఒకటి, రెండు, మూడు, నాలుగో అడుగుకి చిన్న ఎగురు. వీపు మీద మూట కూడా వెనకబడి, తర్వాత ఎగిరింది. మళ్ళీ నడక. ముందు వరసలో ఎవరో ముక్కుతో నవ్వారు. రెండో ఎగురుకి నలుగురైదుగురు. మూడోసారి ఎగరబోతాడని గదంతా ఎదురుచూస్తుండగా బిబ్స్ ఎగరలేదు, తెర మధ్యలో ఆగి, వీళ్ళ వైపు చూసి, తర్వాత ఎగిరాడు. గది గొల్లుమంది. మా సార్జంటు, అచ్చు మా సార్జంటు అని ఒకడు, కాదు మా బావమరిది అని ఇంకొకడు అరుచుకుంటున్నారు.

ఇంకా పొక్కులు రాలేదు. థెల్మా చీకట్లోనే కెప్టెన్ వైపు తిరిగింది. ఆయన తెర వైపే చూస్తున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు కదులుతున్నాయి.

గస్ అసలు భయం తర్వాత ఉంది. పాదాలు రెండూ టోపీలు పెట్టుకుని, సలాము కొట్టి, బిబ్స్‌ని వదిలి నడిచి వెళ్ళే ఘట్టం వచ్చేసరికి ఆయన కళ్ళు మూసేసుకున్నాడు. అప్పుడు మంచం మీదున్న కుర్రసిపాయి ఒకడు, మోకాళ్ళ కింద దుప్పటి చదునుగా ఉన్నవాడు, పెద్ద గొంతుతో అన్నాడు. "నావి సలాము కూడా కొట్టలేదురా, దొంగ వెధవలు."

ఆ తర్వాత నవ్వు ఆగలేదు. నర్సులు తలుపులు తీసుకుని వచ్చారు, ఏమైందో చూడ్డానికి. ఒకడికి కుట్లు పట్టేశాయి. రీలు ఇంకోసారి వేయమన్నారు, ఇంకోసారి వేశారు. గస్ మొహం నిండా కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని ఆయనకి తోచలేదు. థెల్మాకి గుండె నిండిపోయింది. ఓరిన్ ఈ గదిలో ఉన్నట్టే ఉంది. ఎక్కడున్నా సరే, ఇవాళ ఇంతమంది చేత నవ్వించాడు అనుకుంది.

దీపాలు వెలిగాక కెప్టెన్ ఆమె దగ్గరికి వచ్చాడు. మడమ, తర్వాత వేళ్ళు, చేతులు వెనక్కి. తన నడక తనకే గుర్తొచ్చినట్టుంది, సగం దారిలో చేతులు ముందుకి తెచ్చుకున్నాడు.

"నడక ఉంచండి, మిసెస్ గ్రీర్," అన్నాడు. "సంతకం పెడతాను. రేపే ప్రింట్లు వేయించమంటాను."

ఆమె థాంక్స్ చెప్పింది. గెలిచినవాళ్ళు చెప్పే థాంక్స్ అది, కాస్త పొగరుంది అందులో. ఆయన దాన్ని కూడా మర్యాదగానే తీసుకున్నాడు.

కథ ఇక్కడితో ఆపితే అందరం హాయిగా ఇంటికి పోవచ్చు. కానీ ఆ గదిలో ఒకడు నవ్వలేదు.

థెల్మా మొదటి ఆటలోనే గమనించింది. నవ్వించేవాళ్ళకి నవ్వనివాడే ముందు కనపడతాడు. మూడో వరస చివర, చక్రాల కుర్చీలో, రెండు పాదాలకీ కట్లు, ఎండిపోయిన మనిషి. రెండో ఆటలో అతను తెరని చూడటం మానేసి, ప్రొజెక్టర్ వెలుగులో నిలబడ్డ వీళ్ళ వైపే చూశాడు. ఇప్పుడు అందరూ వెళ్ళిపోతున్నా కుర్చీ కదపకుండా అక్కడే ఉన్నాడు. ఆమె దగ్గరికి వెళ్ళగానే టోపీ తీసేశాడు. పేరు డెల్బర్ట్ వీక్స్ అని, కార్పొరల్ అని, ఆర్కన్సా కొండల్లోంచి వచ్చానని చెప్పుకున్నాడు. నవ్వనందుకు ఏమనుకోవద్దన్నాడు.

"ఆ బొమ్మ ఏసిందెవరమ్మా?"

తనే అని చెప్పింది థెల్మా.

"నువ్వా," అన్నాడు వీక్స్. కాసేపు ఆమెని పరకాయించి చూశాడు. "ఆ నడక నీకు ఎక్కడిది తల్లీ?"

భోజనాల బల్లలు సర్దడానికి మనుషులు వచ్చేశారు, పళ్ళేల చప్పుడు మొదలైంది. నర్సు అతని కుర్చీని పక్కనున్న దుప్పట్ల గదిలోకి తోసింది. థెల్మా వెంట వెళ్ళింది. గస్ రీలు చుట్టుకుంటూ ఉండిపోయాడు గానీ కెప్టెన్ మాత్రం పాదాల కట్ల గురించి ఏదో అడగాలనుకున్నాడేమో, వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ ఆయన్ని చూడలేదు.

నడక ఎక్కడిదో థెల్మా చెప్పలేదు. మీరెందుకు అడుగుతున్నారు అంది. దొంతర పెట్టిన దుప్పట్ల మీద కూర్చుంది.

వీక్స్ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇటలీ వాళ్ళు యుద్ధం చాలించుకున్నప్పుడు, ఆఫ్రికాలో పట్టుబడ్డ తనలాంటివాళ్ళని తెచ్చి ఉంచిన ఖైదీల శిబిరం తలుపులు తెరుచుకున్నాయి. జర్మన్లు వచ్చేలోపు ఎవరి దారిన వాళ్ళు కొండల్లోకి పారిపోయారు. పగలు పశువుల కొట్టాల్లో దాక్కోవడం, చీకటి పడితే దక్షిణానికి, మన సైన్యం ఉన్న వైపుకి నడవడం. దారిలో ఒక మనిషి కలిశాడు. ఎక్కడి నుంచి తప్పించుకు వచ్చాడో వీక్స్ అడగలేదు, ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు. మంచు పడే వేళకి వీక్స్ పాదాలకి స్పర్శ పోయింది. ఆ మనిషి ప్రతి ఉదయం వీక్స్ తడి మేజోళ్ళు విప్పి, తన చొక్కాలో, పొట్ట మీద పెట్టుకుని ఆరబెట్టేవాడు. ఇవాళ మీ బొమ్మ సినిమా చివర్లో తెలివైన సిపాయి చేసే పని అదే కదా, నాకు ఏ సినిమా లేకుండానే నేర్పాడాయన అన్నాడు.

"ఆ కొండల్లో దారి కనపడేది కాదు తల్లీ. ముందు నడిచేవోడి మడమలు సూసుకుంటా పోవడమే. నెల పైన నేను సూసింది ఆ మడమలే. ఎడం కాలు పక్కకేసి, ఉండుండి ఒక ఎగురు. మా అమ్మ మొకమన్నా మరిసిపోతానేమో గానీ అది మరిసిపోను. ఇందాక ఆ తెర మీద నీ బొమ్మ రాంగానే నా పాదాలకి సలి పుట్టింది."

టెలిగ్రాం వచ్చింది నిరుడు ఫిబ్రవరిలో. మంచు పడింది మొన్నటి చలికాలంలో. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకునేసరికి థెల్మాకి లోకం మళ్ళీ మొదలైనట్టనిపించింది. బతికే ఉన్నాడు. టెలిగ్రాం తర్వాత వేసవంతా, శరత్కాలమంతా బతికే ఉన్నాడు. కానీ ఆమె అంత తేలిగ్గా పొంగిపోయే మనిషి కాదు. లోకంలో ఎడమ పాదం బయటికి పెట్టేవాళ్ళు ఇంకా ఉంటారు. ఆశ పెట్టుకుని మోసపోతే రెండోసారి లేవలేనని ఆమెకి తెలుసు.

"పేరేమిటి ఆయనది?" అని అడిగింది. ఓరిన్ అని తన నోటితో అనకూడదని నాలుక బిగబట్టుకుంది.

"అసలు పేరు తెలవదు. ఎవడన్నా దొరికిపోతే మిగతావోళ్ళ పేర్లు సెప్పకూడదని అందరం దొంగపేర్లు పెట్టుకున్నాం. నేను మా కుక్క పేరు పెట్టుకున్నా." వీక్స్ మొదటిసారి కొంచెం నవ్వాడు. "ఆయన మాత్రం ఇసిత్రమైన పేరు పెట్టుకున్నాడు. హోరేస్ పిప్కిన్ అనీ."

గుమ్మం దగ్గర కెప్టెన్ ఉలిక్కిపడ్డాడు. ఆ పేరు సినిమాలో లేదు. పోస్టర్ల మీద లేదు. ఆ పేరున్న కాగితాలు చించేయించినవాడు ఆయనే.

థెల్మా ఏడవలేదు. రెండు చేతులతో వీక్స్ చేతిని పట్టుకుంది, అంతే. ఆయన నా మొగుడు అని చెప్పింది. పేరు ఓరిన్ అని, పన్నెండేళ్ళప్పుడు అక్రోటు చెట్టు మీద నుంచి పడి ఆ కాలు అలా అయిందని, ఆ ఎగురు మాత్రం ఎందుకో ఆయనకే తెలియదని, పెళ్ళినాడు చర్చిలో నడుస్తూ కూడా ఎగిరాడని, ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోయింది. ఏడాది పైగా ఎవరితోనూ అనని మాటలు. వీక్స్ తల ఊపుతూ విన్నాడు. వింటున్నకొద్దీ అతని మొహం వెలగాల్సింది పోయి ముడుచుకుపోయింది.

అది ఆమె చూసింది.

"ఆయనిప్పుడు ఎక్కడున్నారు?"

"నేను ఆఖరుసారి సూసినప్పుడు నడస్తన్నాడమ్మా. బాగానే నడస్తన్నాడు."

"మీతో చివరిదాకా వచ్చారా? మన వైపుకి చేరారా?"

వీక్స్ ఒళ్ళో టోపీని అటూ ఇటూ తిప్పాడు. "మనోళ్ళకీ మాకూ మజ్జెన ఒక ఏరు, ఆ ఏటి దాకా వచ్చాడు. అవతల మనోళ్ళ దీపాలు కూడా కనపడతన్నయ్. నన్ను ఎత్తి పడవలో కూకోబెట్టింది ఆయనే. కూకోబెట్టి, వెనక్కి తిరిగాడు. వచ్చిన దారినే, ఉత్తరానికి. నేను పిలిస్తే తిరిగి కూడా సూళ్ళేదు. ఆ నడక సీకట్లో కలిసిపోయేదాకా సూస్తానే ఉన్నా."

ఉత్తరాన ఉన్నది జర్మన్లు. దొంగపేరు పెట్టుకుని, మన దీపాలు కనపడుతుండగా, శత్రువు వైపు నడిచి వెళ్ళిన సిపాయిని సైన్యం ద్రోహి అంటుందని థెల్మాకి తెలుసు. ఆ పేరు పడ్డవాళ్ళకి ఏ శిక్ష వేస్తారో కూడా తెలుసు. జాడ తెలియనివాడి భార్యగా ఇన్నాళ్ళు తల ఎత్తుకు తిరిగింది. బతికున్నవాడి భార్యగా కూడా తల ఎత్తుకునే తిరుగుతుంది. ఓరిన్ భయపడి వెనక్కి పోయే మనిషి కాదు. ఇంకొకడి తడి మేజోళ్ళని పొట్ట మీద పెట్టుకున్నవాడు.

"ఎందుకు వెళ్ళారు?" అని అడిగింది.

వీక్స్ నోరు తెరిచాడు. అతని చూపు ఆమె భుజం మీదుగా గుమ్మం వైపుకి పోయి, అక్కడే ఆగిపోయింది. నోరు మూసేసుకున్నాడు.

"ఆయనుండగా సెప్పను తల్లీ."

థెల్మా అప్పుడు వెనక్కి తిరిగి కెప్టెన్ లాథ్రాప్‌ని చూసింది. ఎప్పటి నుంచి అక్కడున్నాడో, ఎంత విన్నాడో ఆయన మొహమే చెబుతోంది. పొద్దున నడక మార్చను అన్నప్పటి గొంతుతోనే, తొణక్కుండా చెప్పింది.

"కెప్టెన్, మీరు కాసేపు బయట ఉండండి."

ఆయన కదలలేదు. తన భుజాల మీది సైనిక బిళ్ళలని ఒకసారి, వీక్స్ కట్లని ఒకసారి చూశాడు. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకుని, వెనక చేత్తో తలుపు మూశాడు. గడియ పడిన చప్పుడైంది. ఆయన మాత్రం గదిలోనే ఉన్నాడు. అధికారిగా ఉన్నాడో, మనిషిగా ఉన్నాడో వచ్చే వారం చూద్దాం.